మూడు చుక్కలు, ఒక గీత

1924 మార్చి 3, సోమవారం, ఉదయం ఏడున్నర గంటలకు, బర్మా దేశపు రంగం పట్నంలోని అహ్లోన్ రేవులో నా చేతి కింద ఒక తెల్లచొక్కా చిరిగింది. కుడి చంక దగ్గర, నాలుగు వేళ్ళ పొడవున. అప్పటికి నాకు ఇరవై రెండేళ్ళు. మా మేనమామ లాండ్రీలో పనికి కుదిరి పదకొండేళ్ళు. ఆ పదకొండేళ్ళలో నేను చింపిన గుడ్డలు నాలుగే. అది ఐదోది.

లాండ్రీ పనిలోకి వస్తున్న మన పిల్లలు కొందరు ఈమధ్య నా దగ్గరికి వచ్చి, "మామ్మా, నీ అనుభవం ఏదైనా రాసిపెట్టు" అన్నారు. అనుభవమంటే గొప్పగా చేసిన పని అని వాళ్ళ ఉద్దేశం. గొప్పగా చేసినవేవీ నాకు తారీకులతో జ్ఞాపకం లేవు. పాడుచేసింది మాత్రం గంటలతో సహా ఉంది. అది మొదలై ముగియడానికి ముప్పై ఐదు రోజులు పట్టింది.

మీకిప్పుడు చీటీలున్నాయి, నంబర్లున్నాయి. మా రోజుల్లో ప్రతి ఇంటికీ ఒక గుర్తు ఉండేది. నల్లజీడి గింజను సూదితో పొడిచి, మొనకు అంటిన రసంతో చొక్కా మెడపట్టీ లోపల చుక్కలు, గీతలు పెట్టేవాళ్ళం. వెంటనే తడిసున్నం అద్దితే నల్లగా పట్టుకుంటుంది. బట్ట పేలికలైనా ఆ గుర్తు పోదు. ఆ తర్వాత బట్టను సోడానీళ్ళలో ముంచి ఉబ్బలో పెట్టాలి, అంటే బానలో కాగే నీటి ఆవిరికి ఉడకనివ్వాలి. గుర్తు ముందు, ఉబ్బ తర్వాత. ఆ వరస తప్పకూడదని మామ చెప్పాడు. ఎందుకో చెప్పలేదు. నేనూ అడగలేదు. సోడాకు, వేడికి మా వేళ్ళ కొసలు మొద్దుబారి ఉండేవి కాబట్టి గింజ రసం అంటినా మాకేమీ తెలిసేది కాదు.

నూట పద్దెనిమిది ఇళ్ళ గుర్తులు ఒక పుస్తకంలో ఉండేవి. ఇంట్లో అక్షరాలు వచ్చినది నేనొక్కదాన్నే కనక ఆ పుస్తకం నా చేతిలో ఉండేది. మనుషుల్ని మేము పేర్లతో కాక గుర్తులతోనే తలుచుకునేవాళ్ళం. "రెండు గీతలోళ్ళ దుప్పట్లు ఎక్కువొచ్చినాయి," "నిలువు గీతోళ్ళ ఇంట్లో పురుడొచ్చినట్టుంది" అనుకునేవాళ్ళం. చిరిగిన చొక్కా గుర్తు మూడు చుక్కలు, వాటి కింద ఒక గీత. చిమిండైంగ్ బజారు దగ్గరి తెలుగు బడిలో పాఠాలు చెప్పే మాస్టారిది.

చిరిగినచోట గుడ్డ పచ్చబడి, కాల్చని అప్పడంలా బిరుసెక్కి ఉంది. మా దగ్గర గంజి పెట్టే పని ఒక బర్మా ఆవిడది. ఆమెను అందరం వాళ్ళ భాషలోనే 'అమా', అంటే అక్కా, అని పిలిచేవాళ్ళం. అమా ఆ చొక్కా తీసుకుని పచ్చటిచోటును నాలిక కొసకు ఆనించింది.

"ఛీ! ఏటమా అది?"

"ఉప్పు ఒకటే కాదు. వగరు," అంది వచ్చీరాని తెలుగులో. "ఈ సయా చంకలో పటిక పెడతాడు. చెమటకి పటిక కలిస్తే గుడ్డకి పుండు." సయా అంటే వాళ్ళకు మాస్టారు.

గుడ్డ చింపిన చెయ్యే వెళ్ళి ఆ సంగతి చెప్పాలని మామ పెట్టిన నియమం. ఆ సాయంత్రం నాలుగింటికి వెళ్ళాను. బడి ఒక కర్రమేడ మీది పెద్ద గది. పిల్లలు వెళ్ళిపోయారు. మాస్టారు ఒక్కరే పలకలు సర్దుతున్నారు. ఇరవై ఆరేళ్ళుంటాయి. పక్కన ఎవరో పొడవబోతున్నట్టు మోచేతులు రెండూ ఒంటికి అదిమిపెట్టుకుని నడిచే మనిషి.

"మాస్టారండీ, తప్పయిపోనాది. బండ మీద సిరిగిపోనాది."

ఆయన చొక్కా అందుకుని, చంక భాగం లోపలికి పోయేలా మడిచి, వీపు వెనక పెట్టుకున్నారు. "నీ తప్పేమీ లేదు. పాత బట్ట."

"పాతది కాదండి. గుర్తేసి నాలుగు నెల్లే అయినాది. తారీకు రాసుంది."

"చొక్కా వయసు కూడా రాస్తావా?"

"రాస్తానండి. పటిక పూయమని ఎవరు సెప్పినారు మీకు?"

ఆయన ముఖం కందగడ్డ అయింది. "మంగలి," అన్నారు. తర్వాత నేను అడక్కుండానే చెప్పారు. పద్నాలుగో ఏట మొదలైందట. చలికాలంలోనూ అంతే. నలుగురూ చూస్తున్నారనుకుంటే ఇంకా పోస్తుందట. చందనం పూశారు, నిమ్మచెక్క రుద్దారు, ఉప్పు మానేశారు. "చెయ్యి ఎత్తకుండా బతకడం నేర్చుకున్నాను. దానికేముంది, అందరికీ ఏదో ఒకటి ఉంటుంది," అని నవ్వబోయారు.

అప్పుడు చూశాను నల్లబల్లను. కింది సగం సుద్ద పట్టి పట్టి తెల్లబారి ఉంది. పై సగం కొన్ననాటిలా నల్లగా మెరుస్తోంది.

"పైసగం మీద ఎందుకు రాయరండీ?" అని అడిగేశాను. అడగకూడని మాట. నాకు లెక్క కుదరని చోట నోరు ఆగదు.

మా వీధి పిల్లలు ఆ బడికే వెళ్ళేవారు. జవాబు వాళ్ళనడిగినా దొరికేదే, కానీ మాస్టారే చెప్పారు. ఆయన పొరపాటున చెయ్యెత్తితే చాలు, వెనక బల్లల నుంచి "ఓలమ్మో, ఇరావతి పొంగినాదిరా!" అని, ఆ చెమటను బర్మా పెద్దనదితో పోల్చి గుసగుసలు వచ్చేవట. అందుకని ఆయన భుజం కన్నా పైకి ఎప్పుడూ రాసేవారు కాదు. వెనక కూర్చున్న పిల్లలకు ముందువాళ్ళ తలలే గాని అక్షరాలు కనిపించేవి కావు. జనవరిలో బడులు చూసే ఇన్‌స్పెక్టరు వచ్చి వెనక బల్ల మీద కూర్చున్నాడు. ఆయనకూ కనిపించలేదు. 'ఏప్రిల్ 7న మళ్ళీ వస్తాను. వెనక వరస పిల్లలు బోర్డు చదవలేకపోతే మాస్టారిని మార్చండి' అని రాసి వెళ్ళాడు.

"ఆ రోజు గట్టెక్కితే ఈ పని నాకు ఖాయం," అన్నారు మాస్టారు. "లేకపోతే ఓడెక్కి భీమిలి ఎలిపోవడమే. చెయ్యెత్తలేక రంగం నుంచి ఒచ్చీసినానని సెప్పాలి మా అమ్మకి." అంతసేపూ పుస్తకం భాషలో మాట్లాడిన మనిషి ఆ ఒక్క మాటకు ఊరి భాషలోకి దిగిపోయారు.

ఇంటికి నడుస్తూ లెక్క వేసుకున్నాను. ముప్పై ఐదు రోజులు. చెమటను ఆపడం నా చేతిలో లేదు. అది చొక్కా దాకా రాకుండా చూడటం గుడ్డల పని. గుడ్డల పని నాది.

మామ పాత మల్లుపంచె ఒకటి ఉండేది, ఉతికి ఉతికి వెన్నలా మెత్తబడింది. దాన్ని అరచేయంత ముక్కలు చేసి, రెండు పొరల మధ్య పాత తువ్వాలు గుడ్డ పెట్టి కుట్టాను. చొక్కా చంక కుట్టుకు లోపలి వైపు చిన్న బొత్తాలు, పట్టీకి దారపు ఉచ్చులు. తగిలించుకోవచ్చు, తడిస్తే తీసి వేరేది పెట్టుకోవచ్చు. రోజుకు రెండు జతలు. మూడేసి రోజులకోసారి ఉతికి ఇస్తాను కనక ఆరు జతలు. ఆరడానికి ఆలస్యమైతే చేతిలో ఉండటానికి రెండు. మొత్తం ఎనిమిది జతలు, పదహారు పట్టీలు. పటిక మానేయమన్నాను. మిగిలిన ఐదు చొక్కాలకూ బొత్తాలు కుట్టాను. పచ్చ మరకలను చన్నీళ్ళలో నానబెట్టి, నిమ్మరసంతో ఎండలో వేసి, తొమ్మిది రోజుల్లో నాలుగింటికి విడిపించాను. ఐదోదానికి సగమే పోయింది.

మార్చి 10న పట్టీలు ఇచ్చినప్పుడు ఆయన వాటిని తిప్పి తిప్పి చూశారు. "వీటిని పుస్తకంలో రాస్తావా?"

"రాయాలండి. గుర్తెయ్యని గుడ్డ మా గడప దాటకూడదు."

"మీ మామ మూట విప్పి లెక్క పెట్టినప్పుడు గట్టిగా చదువుతావు కదా. 'మూడు చుక్కలు, చంకపట్టీలు ఆరు' అని. రేవంతా వింటుంది. వద్దమ్మా."

నేను రాయలేదు. గుర్తూ వేయలేదు. మామ వేరే పనిలో ఉన్నప్పుడు విడిగా ఉతికి, అమా గంజి గదిలో ఆరేసేదాన్ని. పదకొండేళ్ళలో పుస్తకంలోకి ఎక్కించకుండా నేను దాచిన మొదటి గుడ్డలు అవి.

మార్చి 13న మా వీధి పిల్లలు ఎగురుకుంటూ వచ్చారు. "మా మాస్టారు ఇయ్యాల బోర్డు పైనుంచి రాసీసినారు!" అమా ఆ మాట విని గంజి చేతులతోనే నా బుగ్గలు రెండూ పట్టుకుని ఊపింది. ఆ సాయంత్రం వరకూ నా ముఖం మీద గంజి ఎండి బిర్రబిగిసి ఉంది. కడుక్కోలేదు.

రెండు వారాలు అంతా సవ్యంగా జరిగింది. మార్చి 31, సోమవారం, లెక్క పెడితే పట్టీలు పద్నాలుగే ఉన్నాయి.

మళ్ళీ లెక్క పెట్టాను. పద్నాలుగు. ఉబ్బ బాన అడుగున, తాళ్ళ కింద, దుప్పటి మడతల్లో, ఇతర ఇళ్ళ మూటల్లో వెతికాను. మాస్టారిని అడిగితే, "అన్నీ ఇచ్చేశాను," అని కిటికీలోంచి బయటికి చూశారు. నన్ను చూసి చెప్పలేదన్నది నాకు తర్వాత తోచింది. మర్నాడూ వెతికాను.

"రెండు పేలికలకి పిచ్చిదానిలాగ తిరుగుతావు," అంది అమా. "ఇంకో రెండు కుట్టు."

కుట్టవచ్చు. కానీ ఆ రెండు వేరే ఇంటి మూటలో పోయి ఉంటే? ఏ ఇంటావిడో విప్పి, "ఇదేటిది, ఎవరిది?" అని నలుగురిలో అడిగితే? గుర్తు లేకపోవడం వల్లే అవి దారి తప్పాయని నాకు గట్టిగా అనిపించింది. జాలిపడి నియమం తప్పాను, దానికి ఇది శిక్ష అనుకున్నాను. ఏప్రిల్ 4, శుక్రవారం మధ్యాహ్నం, ఉతికి ఆరిన పద్నాలుగు పట్టీలనూ ముందు వేసుకుని, గింజ పొడిచి, ఒక్కోదానికీ మూడు చుక్కలు, ఒక గీత పెట్టాను. సున్నం అద్దాను.

ఇక్కడే రెండు పనులు చేశాను. ఒకటి: శనివారం పొద్దున్నకల్లా ఆయనకు పట్టీలు కావాలి, మళ్ళీ ఉబ్బ పెడితే ఆరవు. కనక గుర్తు తర్వాత ఉబ్బ లేదు, ఒక జాడింపైనా లేదు. రెండోది: నల్లటి గుర్తు చొక్కా వైపు ఉంటే తెల్లబట్టలోంచి కనిపిస్తుంది. ఇన్‌స్పెక్టరు ముందు చెయ్యెత్తినప్పుడు ఎవరి కంటా పడకూడదు. అందుకని గుర్తులన్నీ ఒంటికి తగిలే వైపు వేశాను. పద్నాలుగూ, చుక్క కూడా పక్కకు పోకుండా.

శనివారం ఉదయం ఆరింటికి ఇచ్చి వచ్చాను.

ఏప్రిల్ 7, సోమవారం. బడివాళ్ళు బల్లమీది గుడ్డ, రెండు కిటికీ తెరలు ఉతకడానికి ఇచ్చారు. పదికి పావుగంట ముందు తీసుకెళ్ళి తగిలించాను. వెళ్ళిపోవచ్చు. వెళ్ళకుండా వరండాలో నిలబడ్డాను.

పెద్దమాస్టారు గుమ్మం దగ్గర ఉన్నారు. యాభై దాటిన మనిషి. ఏప్రిల్ ఎండలోనూ నల్లకోటు బొత్తాలు విప్పరు. మా మాస్టారు మోచేతులు కాస్త దూరంగా పెట్టుకుని నడిచి వస్తుంటే, "ఏటోయ్, ఇన్నాళ్ళూ చంకలో గుడ్లు పొదిగేవోడివి, ఇయ్యాల రెక్కలు విప్పీసినావు?" అన్నారు. మాస్టారు నవ్వలేదు. ముఖం పాలిపోయి ఉంది. భయం అనుకున్నాను.

ఇన్‌స్పెక్టరు బర్మా పెద్దమనిషి. తలపాగా, పట్టు లుంగీ, మెల్లటి మాట. నేరుగా వెళ్ళి వెనక బల్ల మీద కూర్చుని, బోర్డు పై అంచు నుంచి ఒక గుణకారం రాయమన్నాడు. 364ను 27తో గుణించాలి.

మాస్టారు కుడిచెయ్యి భుజం దాకా ఎత్తి ఆగిపోయారు. వెనక బల్ల మీద ఎవరో కిసుక్కున నవ్వబోయి మింగేశారు. మాస్టారు కళ్ళు మూసుకుని, ఎడమచేత్తో కుడి మోచేతిని పట్టి పైకి నెట్టారు. బోర్డు పై అంచుకు ఆనించి రాయడం మొదలుపెట్టారు. 2548. దాని కింద 728. నా పెదవులు కూడా కదులుతున్నాయి. గీత గీసి జవాబు వేశారు. వెనక వరస పిల్లలు ఒక్క గొంతుతో చదివారు: "తొమ్మిదివేల ఎనిమిదివందల ఇరవై ఎనిమిది!"

ఇన్‌స్పెక్టరు తల ఊపాడు. మాస్టారి చెయ్యి మాత్రం కిందికి రాలేదు. బోర్డు చట్రాన్ని పట్టుకుని అలాగే వేలాడారు. చొక్కా చంక దగ్గర తడి పాకింది. అది చెమట రంగు కాదు. ఎర్రనీళ్ళు. మోకాళ్ళ మీద కూలబడ్డారు.

పెద్దమాస్టారు పరుగున వచ్చి చంకల కింద చేతులు పెట్టి లేపబోయి, నిప్పు తగిలినట్టు వెనక్కి లాక్కున్నారు.

"గడ్డ! చంకలో గడ్డ! ఒళ్ళు కాలిపోతోంది!"

ఆ రోజుల్లో చంకలో గడ్డ, జ్వరం అంటే అర్థం ఒకటే. అహ్లోన్ బియ్యం మిల్లుల్లో ఎలుకలు చచ్చి పడితే చీపురు వదిలేసి పారిపోయే కాలం అది. ప్లేగు అన్న మాట ఎవరన్నారో తెలియదు. నిమిషంలో గది ఖాళీ అయింది. ఇన్‌స్పెక్టరు ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని మెట్లు దిగాడు. మునిసిపాలిటీ డాక్టరు కోసం ఒకరు, మాస్టారు ఉండే గదికి ఒకరు సైకిళ్ళ మీద పోయారు. సంచౌంగ్‌లో ఐదుగురు గుమాస్తాలతో కలిసి ఉండేవారాయన. ఆయన వస్తువులన్నీ వెంటనే తగలబెట్టమని కబురు.

నేను లోపలికి వెళ్ళాను. ధైర్యం కాదు. గుడ్డ మీద కనిపించిన తడి నేను కుట్టిన పట్టీ అంతే ఉంది, అరచేయంత, అంచులు కూడా తేడా లేకుండా. కాళ్ళు వాటంతట అవే నడిచాయి.

"రాకు," అన్నారు మాస్టారు. "దగ్గరికి రాకు."

"ఎప్పటినించండి?"

"శనివారం సాయంత్రం."

"మంటా? దురదా?"

"ముందు దురద. ఏటో సెమటకాయలనుకున్నాను. నిన్న పొక్కులు లేచినాయి."

"మరి పట్టీలు తీసీలేదేటండి?"

"నువ్వు కుట్టినవి కదా," అన్నారు. "అవొక్కటే సుకంగా ఉన్నాయనుకున్నాను."

ప్లేగు గడ్డకు దురద ఉండదు. శనివారం పొద్దున్నే నేను ఇచ్చినవి అవి. గుర్తు ముందు, ఉబ్బ తర్వాత అని మామ ఎందుకన్నాడో పదకొండేళ్ళ తర్వాత, ఆ గదిలో నాకు తెలిసింది: ఉబ్బలో ఉడికితేనే గింజ రసం ఘాటు పోతుంది.

మెట్ల కింద జనం మూగి ఉన్నారు. పదకొండుంపావుకు డాక్టరు బండి వచ్చింది. వెనకే రోగుల్ని తీసుకుపోయే మూతబండి. అది ఎక్కినవాళ్ళను ప్లేగు రోగుల మధ్య పడుకోబెడతారు. రోగం లేనివాడు అక్కడికి వెళ్తే ఉన్నవాడే అవుతాడని అందరం భయపడేవాళ్ళం. నోరు విప్పితే మామ లాండ్రీ పోతుందని కూడా నాకు తెలుసు. ఒళ్ళు కాల్చే గుడ్డలు ఎవరు వేసుకుంటారు? నూట పద్దెనిమిది ఇళ్ళు, ఎనిమిదిమంది పనివాళ్ళు. ఆ లెక్క మెట్లు దిగేలోపే పూర్తయింది. మిగిలింది పైన కూర్చున్న ఒక్కడు.

"అది ప్లేగు కాదు బాబూ. మా లాండ్రీ గుర్తు. నల్లజీడి పొక్కులు. నేనేసినాను," అన్నాను పెద్దమాస్టారితో. "డాక్టరు గారికి ఇంగ్లీషులో సెప్పండి."

"నోరు ముయ్యవే చాకలి గుంటా! నీకేటి తెలుసు వైద్యం?"

"వైద్యం తెలీదు. గుర్తు తెలుసు. మూడు చుక్కలు, ఒక గీత. ప్లేగు గుర్తేయించుకుని రాదు కదండీ!"

ఆయన ముఖం తిప్పుకున్నారు. అప్పుడు ఇన్‌స్పెక్టరు వైపు తిరిగాను. పదకొండేళ్ళు అమా పక్కన పనిచేసిన దాన్ని, బర్మా భాష నాకు అన్నంతో పాటు వచ్చింది. అదే మాట ఆ భాషలో చెప్పాను. ఆయన రుమాలు దించి నా నల్లటి వేళ్ళ కొసలు చూశాడు. తర్వాత డాక్టరుకు ఇంగ్లీషులో చెప్పాడు.

డాక్టరు పైకి వెళ్ళాడు. ఏడు నిమిషాలు. దిగి వస్తూ ఉంటే ఆయన మీసాలు కదులుతున్నాయి, నవ్వు ఆపుకుంటున్నాడు. జేబులోంచి చిన్న పుస్తకం తీసి, పెన్సిలుతో గీసిన బొమ్మ నాకు చూపించాడు. ఇన్‌స్పెక్టరు అడిగాడు: "ఇదేనా మీ గుర్తు?"

"కాదు సయా. గీత కింద ఉండాలి. ఈయన పైన వేశాడు."

"ఒంటి మీద అలాగే ఉందట."

ఒక్క క్షణం ఆలోచించాను. "అయితే పట్టీ తలకిందులుగా తగిలించుకున్నారు."

డాక్టరు ఇక ఆపుకోలేకపోయాడు. నాకు మాత్రం ఏడుపు వచ్చింది. మెట్ల మీద కూర్చుని, అందరూ చూస్తుండగా, తెర ఉతికిన చేతులతో ముఖం కప్పుకుని ఏడ్చాను. మూతబండి ఖాళీగా తిరిగిపోయింది. కానీ సైకిలు మీద పోయినవాడు అప్పటికే తన పని చేసి వచ్చాడు. సంచౌంగ్ గది వెనక పెరట్లో మాస్టారి సామానంతా కిరసనాయిలు పోసి తగలబెట్టారు.

ఆ మధ్యాహ్నం మామకు అంతా చెప్పాను. పుస్తకంలో రాయని సంగతితో సహా. చాలాసేపు బాన కింద మంట ఎగదోస్తూ ఉన్నాడు.

"నాను సెప్పనేదు గదే," అన్నాడు చివరికి. "వరస సెప్పినాను గాని ఎందుకో సెప్పనేదు. మా బాబు నాకూ సెప్పనేదు. నాకు మెడకాడ పొక్కి తెలిసినాది." లేచి, నల్లజీడి గింజల డబ్బా తీసి తన మంచం కింద పెట్టుకున్నాడు. ఆ రోజు తర్వాత గుర్తులు మామే వేశాడు. ఆయన పోయాక ఆయన కొడుకు వేశాడు. పుస్తకం మాత్రం నా దగ్గరే ఉంచాడు.

ఇన్‌స్పెక్టరు కాగితం వారం తిరక్కుండా వచ్చింది. వెనక వరస చదవగలుగుతున్నారని అందులో ఒక్కటే ముక్క. ఉద్యోగం నిలిచింది. మాస్టారు తెల్లమందు పూసుకుంటూ, పంచె కప్పుకుని, చేతులు రెండూ దిండ్ల మీద చాపుకుని బర్మా ఉగాదికి వచ్చే నీళ్ళ పండగ సెలవులన్నీ గడిపారు. నేను గానుగ కొబ్బరినూనె పంపేదాన్ని. అమా తీసుకెళ్ళి ఇచ్చి, "సయా రెక్కలు ఆరబెట్టిన నీరుకాకిలాగ ఉన్నాడు," అని వచ్చి చెప్పేది.

ఏప్రిల్ 19, శనివారం, పెద్దమాస్టారు స్వయంగా లాండ్రీకి వచ్చారు. చేతిలో చిన్న మూట. "మా మాస్టారికి తొడుక్కోడానికి గుడ్డ లేదు. నా చొక్కాలు రెండు. ఉతికి ఆయనకి ఇచ్చీ." మూట నా ముందు పెట్టి వెంటనే వెళ్ళలేదు. కోటు అంచు నలుపుతూ నిలబడ్డారు.

మూట విప్పాను. చొక్కాలు రెండు. వాటి మడతలో మల్లుగుడ్డ పట్టీలు రెండు. దారపు ఉచ్చులు, నా కుట్టు. గుర్తు లేనివి.

"ఇవెక్కడివండీ?"

"ఆయన్ని అడిగి పుచ్చుకున్నాను," అన్నారు నేల చూస్తూ. "మార్చి ఆకరి వారంలో. ఎవరికీ సెప్పొద్దని ఒట్టేయించుకున్నాను. నాకూ... ఆ కోటు ఊరికే తొడుక్కుంటాననుకున్నావేటి?"

అమా నా భుజం మీంచి తొంగి చూసి, "ఓహో, సయాజీకి కూడా ఇరావతి!" అంది. సయాజీ అంటే వాళ్ళకు పెద్దమాస్టారు. ఆయన కోప్పడతారనుకున్నాను. ఆయన ఆ బండ మీదే కూర్చుని, కోటు విప్పి, పక్కన పెట్టారు.

ఏప్రిల్ 21న బడి తెరిచారు. మాస్టారు పెద్దమాస్టారి వదులు చొక్కా వేసుకుని వెళ్ళారు, పట్టీలు లేకుండా. ఆ సాయంత్రం మా వీధి పిల్లలు చెప్పారు. ఆయన చెయ్యెత్తగానే వెనక నుంచి అలవాటుగా, "ఇరావతి!" అని వినిపించిందట. ఆయన వెనక్కి తిరిగి, "ఏదీ, ఎక్కడ పుడతాదో సెప్పండి చూద్దాం," అన్నారట. ఎవరికీ తెలియదు. బోర్డు పై అంచు నుంచి మొదలుపెట్టి, కొండల నుంచి మండలే మీదుగా సముద్రం దాకా, చెయ్యి పూర్తిగా చాపి, నది మొత్తం గీశారట. చంక తడిసింది. పిల్లలు నది చూశారు.

తర్వాత ఆయన బట్టలు మూడేళ్ళకు పైగా మా దగ్గరికే వచ్చాయి. ఒకసారి మూట ఇస్తూ అడిగారు: "మచ్చలు అలాగే ఉండిపోయాయి. నేను తప్పిపోతే ఎవరింటికి చేర్చాలో తెలుస్తుందిలే. నీ గుర్తేమిటి?"

"చాకలోళ్ళ గుడ్డలకి గుర్తుండదండి. మావి మాకు తెలుస్తాయి కదా."

ఆయన తల ఊపి వెళ్ళారు. 1927 జూన్‌లో ఆయనకు బసీన్ బడిలో పెద్దమాస్టారి పని వచ్చింది. పుస్తకంలో ఆ గుర్తు ఎదురుగా ఇంకే ఇంటినీ నేను రాయలేదు. రాయమని మామ అనలేదు.

పిల్లలూ, మీ పెద్దవాళ్ళు వరస చెప్తే ఎందుకని అడగండి. చెప్పకపోతే మళ్ళీ అడగండి. ఎవరి మీదైనా జాలి కలిగితే పడండి, కానీ పుస్తకంలో రాసి పడండి. ఇంతకన్నా నాకు తెలిసిన నీతి లేదు. లెక్క మాత్రం ఉంది.

పోయినవి. మాస్టారి చొక్కాలు ఆరు: బండ మీద చిరిగింది ఒకటి, డాక్టరు కత్తిరించింది ఒకటి, కాలినవి నాలుగు. పంచెలు మూడు, చాప ఒకటి, దిండు ఒకటి. భీమిలి నుంచి తల్లి ఎవరిచేతో రాయించి పంపిన ఉత్తరాలు ముప్పై ఒకటి. మా లాండ్రీ మానేసిన ఇళ్ళు పదకొండు. తిరిగి వచ్చినవి నాలుగు. నా చేతిలోంచి గుర్తు వేసే పని. చంకపట్టీలు పద్నాలుగు: కాలినవి పన్నెండు, ఒంటి మీదివి రెండు. తప్పిపోయాయని నేను రెండు రోజులు వెతికిన పట్టీలు రెండు.

అవి పోలేదు.